నా పదేళ్ల పాటలు

బతికినంత కాలం ఒక్క పదేళ్ల సినిమా పాటలే వినాలి, మిగతావి చెవిన పడకూడదు అని షరతు పెడితే ఏ పదేళ్లు తీసుకుంటారు? మా అన్నయ్య తరం వాళ్లని అడగండి, ఆలోచించకుండా 1951 నుంచి 60 అంటారు. నాకంటే పదేళ్లు చిన్నవాళ్లని అడగండి, ఇళయరాజా పేరు చెప్పి 84 నుంచి లెక్క మొదలుపెడతారు. రెండూ మంచి కాలాలే, కాదనను. నేను మాత్రం ఆ రెంటికీ మధ్య ఇరుక్కుపోయిన పదేళ్లు తీసుకుంటాను. 1974 నుంచి 1983 దాకా. పాత పాటల గురించి మాట్లాడేవాళ్లు ఈ పదేళ్ల దగ్గరికి వచ్చేసరికి శంకరాభరణం పేరు ఒక్కటి చెప్పి గబగబా దాటిపోతుంటారు.

ఈ తగువు మా ఇంట్లో పెద్దన్నయ్య వల్ల మొదలైంది. ఆయన రిటైరై ఒంగోల్లో ఉంటున్నాడు. పాత పాటలు నింపి అమ్మే రేడియోలాంటి పెట్టె, సరేగమ కారవాన్ ఒకటి కొనుక్కున్నాడు, పొద్దస్తమానం దాని చెవి మెలిపెడుతుంటాడు. సంక్రాంతికి అందరం కలిసినప్పుడు భోజనాలయ్యాక వరసగా ఒక్కొక్కరినీ ఈ ప్రశ్న అడిగాడు. నా జవాబు విన్నాక ఆయన మొహం చూడాలి.

"ఏందే, మల్లీశ్వరి వద్దా నీకు? మాయాబజార్ వద్దా?"

"వద్దని ఎవరన్నారు అన్నయ్యా? పదేళ్లే అన్నావు గదా."

"అమ్మ ఉండి ఉంటే నిన్ను గడప తొక్కనిచ్చేది కాదు."

అది నిజమే. మల్లీశ్వరి 1951లో వచ్చింది. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు. అవన్నీ ఒక ఎత్తు, అందులో భానుమతి పాడటం మా అమ్మకి ఇంకో ఎత్తు. భానుమతిది ఒంగోలు దగ్గరి దొడ్డవరం. అమ్మ ఆమెని సినిమా తార అనుకున్నట్టే కనపడేది కాదు. "మన దొడ్డవరం పిల్ల పాడుతోంది, కాస్త పెద్దది చెయ్యండ్రా" అనేది. ఎదురుగా ఎప్పుడూ చూసింది లేదు. అయినా పక్క ఊరి చుట్టాన్ని తలచుకున్నట్టే తలచుకునేది. అలాంటి పాటలు వదిలేస్తానంటే అన్నయ్యకి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు.

"నీ చిన్నతనం నీకు ముద్దు. అదే పాటల గొప్పతనం అనుకుంటన్నావు" అని తేల్చేశాడు.

సగం ఒప్పుకుంటాను. నేను పుట్టింది 1966లో. నా పదేళ్లంటే ఎనిమిదో ఏట నుంచి పదిహేడో ఏట దాకా. ఆ వయసులో విన్నది ఎముకల్లోకి దిగుతుంది, తర్వాత ఎంత మంచిది విన్నా చర్మం దాటి పోదు. కానీ అన్నయ్య సంగతి మరీ విచిత్రం. ఆయన పుట్టిందే 1954లో. మల్లీశ్వరి ఆడేనాటికి ఈయన భూమ్మీదే లేడు. మాయాబజార్ వచ్చిన 1957లో ఉంగా ఉంగా దాటి అప్పుడే మాటలు నేర్చుకుంటున్నాడు. ఆయన ఆ పాటలన్నీ విన్నది మా ఇంటి ట్రాన్సిస్టర్‌లో, నా పదేళ్లలో, నా పక్కన కూర్చుని. ఈ మాట అంటే ఆయన వినిపించుకోడు.

ఆ ట్రాన్సిస్టర్ ఎక్కడుండేదో చెప్పాలి. మాది కందుకూరు దగ్గర మెట్ట పల్లె, పొగాకు నేల. ఆకు విరవడం మొదలైందంటే ఎండలు ముదిరేదాకా ఊరి బతుకంతా ఆకుని వేడికి ఆరబెట్టే బ్యారన్ల చుట్టూనే. పొద్దున విరిచి తెచ్చిన ఆకుని పందిరి కింద ఆడవాళ్లు కూర్చుని కర్రలకు కట్టేవాళ్లు. చేతులకు జిగురు పట్టి సాయంత్రానికి నల్లగా అట్ట కట్టేవి, ఆ చేతులతో అన్నం తింటే చేదు. ఆ పందిరి గుంజకి ఒక మేకు ఉండేది, దానికి మా ఫిలిప్స్ రేడియో వేలాడేది. చిల్లుల తోలు తొడుగు, భుజానికి తగిలించుకునే పట్టీ. నాన్న దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బులు కట్టి, పుస్తకంలో స్టాంపులు అతికించుకుని వచ్చేవాడు. రేడియో వినడానికి ప్రభుత్వానికి డబ్బు కట్టేవాళ్లమంటే మా అబ్బాయి ఇప్పటికీ నమ్మడు.

రాత్రిళ్లు రేడియో పందిరి నుంచి పొయ్యి దగ్గరికి మారేది. బ్యారన్ అంటే తెలియని వాళ్ల కోసం చెప్తాను. ఎత్తయిన గోడల ఇల్లు, లోపల ఆకు కట్టిన కర్రలు అంచెలంచెలుగా వేలాడతాయి, కింద నుంచి రేకు గొట్టాల్లో వేడి పోతుంది. మొదట ఆకు పసుపు తిరగాలి, తర్వాత ఆకు ఆరాలి, చివరికి ఈనె ఆరాలి. అయిదారు రోజులు పొయ్యి ఆరకూడదు, వేడిని మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి. తొందరపడితే రంగు చెడుతుంది, కునుకు తీస్తే పంట డబ్బు పొగైపోతుంది. మా బ్యారన్ కాల్చే పెద్దాయన్ని మేమంతా తాతా అనేవాళ్లం. గోడలో చిన్న కిటికీ ఉండేది, దాంట్లోంచి దీపం చూపించి థర్మామీటరు చూసేవాడు. చేతికి గడియారం లేదు. ఆయన లెక్కంతా రేడియోతోనే. కోరిన పాటలు వేసే జనరంజని అయ్యేలోపల ఒక మొద్దు లోపలికి నెట్టాలి, వార్తలు మొదలైతే ఇంకోటి. విజయవాడ కేంద్రం ఆపేశాక ముల్లు తిప్పి తిప్పి ఎక్కడెక్కడి స్టేషన్లనో పట్టేవాడు. అర్థం కాని భాషలో పాట వచ్చినా తీసేవాడు కాదు, మనిషి గొంతు వినపడితే నిద్ర రాదని.

సెల్లులు అయిపోవస్తే పాట బొంగురుపోయేది. కొత్తవి కొనేదాకా పాతవాటిని పగలు ఎండలో పెట్టేవాళ్లం, రాత్రి బ్యారన్ గోడకి ఆనించి పెట్టేవాళ్లం. ఒక పూట అదనంగా పలికేవి. అంత బతిమాలి పలికించుకున్న రేడియోలో వచ్చిన పాట నాకు నచ్చనిదైతే వచ్చే కోపం ఇప్పుడెవరికీ రాదు.

ఎందుకంటే పాట మనం ఎంచుకునేది కాదు. జనరంజనికి కార్డు రాయొచ్చు, రాసేవాళ్లం. అన్నయ్య ఒక కార్డు మీద ఇంటిల్లిపాదీ పేర్లూ, చుట్టుపక్కల వాళ్ల పేర్లూ, చివరికి తాత పేరు కూడా ఇరికించి పంపించాడు. ఆ కాలంలో పాట కోరిన వాళ్ల పేర్ల జాబితా పాటంత పొడుగు ఉండేది. ఏలూరు నుంచి, గుడివాడ నుంచి, తెనాలి నుంచి అంటూ చదువుకుంటూ పోతుంటే కందుకూరు ఎప్పుడొస్తుందా అని ఊపిరి బిగపట్టి కూర్చునేవాళ్లం. ఒకనాడు కందుకూరు అని వినపడింది. తీరా అవి మా పేర్లు కావు. ఆ ఊళ్లో మాకంటే బాగా కార్డులు రాసే వాళ్లెవరో ఉన్నారన్నమాట.

సాయంత్రం రేడియో సిలోన్. అందులో తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినపడగానే వీధిలో ఆడుకునే వాళ్లం కూడా ఆగేవాళ్లం. పాట ఒకసారి దగ్గరికి వచ్చేది, ఒకసారి ఎక్కడికో పోయేది. పోయిన చోట మిగతా మాటలు మేమే పాడి నింపేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం సంక్షిప్త శబ్దచిత్రం అంటే సినిమా మొత్తం మాటల్లోనే. చూడని సినిమాల కథలు నాకు సగం అలా తెలిసినవే. బొమ్మ తర్వాతెప్పుడో చూస్తే నా ఊహలో ఉన్న సినిమానే బాగుందనిపించేది.

ఇక డేరా హాలు. సాయంత్రం మైకులో ఘంటసాల "నమో వెంకటేశా" మొదలైందంటే టిక్కెట్లు ఇవ్వబోతున్నారని గుర్తు. ఆ పాట వింటూ ఇంట్లో అన్నం కుక్కుకుని పరిగెత్తేవాళ్లం. నేల టిక్కెట్టుకి ఇసకలో కూర్చోవడం, ముందున్న పెద్దాయన తలపాగా అడ్డం రాకుండా చిన్న దిబ్బ చేసుకోవడం. బయట పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు. పల్చటి రంగు కాగితం, మొదట్లో కథ కాస్త చెప్పి సరిగ్గా అసలు మలుపు దగ్గర "శేషం వెండితెరపై" అని ఆపేసేవాళ్లు. నా దగ్గర అలాంటివి ఒక చిన్న కట్ట ఉండేది. వాటిని చూసి పాటలు నోట్సులో దించుకునేదాన్ని, ఎర్రసిరాతో పల్లవి, నీలం సిరాతో చరణాలు. వాటిలో అచ్చుతప్పులు బోలెడు. కొన్ని పాటల్ని నేను ఈనాటికీ ఆ అచ్చుతప్పులతోనే పాడతాను.

ఇప్పుడు ఆ పదేళ్లు ఎందుకన్నదానికి రెండో సగం.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. అప్పుడు నాకు పెద్దగా తెలియదు. నాన్న ఆ రోజు రేడియో దగ్గర నుంచి లేవకపోవడం, అమ్మ వంట ఆలస్యం చేయడం, అంతే గుర్తు. చాలామందికి ఆ రోజుతో తెలుగు పాట అయిపోయింది. నాకు అక్కడే మొదలవుతుంది. అయితే ఘంటసాల నా పదేళ్లలో లేడనుకోకండి. ఆయన పాడిన భగవద్గీత రికార్డు ఆయన పోయిన తర్వాతే వచ్చింది. ఊళ్లో ఎవరింట్లో చావు జరిగినా మైకులో అదే. అల్లూరి సీతారామరాజు సినిమా కూడా ఆయన పోయాక, అదే ఏడాది మే నెలలో విడుదలైంది. అందులో ఆయన, వి. రామకృష్ణ కలిసి పాడిన "తెలుగు వీర లేవరా" రాసినందుకు శ్రీశ్రీకి జాతీయ అవార్డు వచ్చింది. నా పదేళ్లు ఆ గొంతుతోనే మొదలవుతాయి. అన్నయ్య దీన్ని దొంగ లెక్క అంటాడు. సంవత్సరాలు చూసుకోమన్నాను, అంతే.

తర్వాత అంతా బాలుదే. ఆయన 1967లో శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్నతో వచ్చాడు, అవకాశం ఇచ్చిన సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి. ఆ కోదండపాణి కూడా 1974లోనే పోయారు. బాలు తన రికార్డింగ్ థియేటర్‌కి ఆయన పేరే పెట్టుకున్నాడు. ఘంటసాల తర్వాత ఎన్టీఆర్‌కి, ఏఎన్నార్‌కి, కృష్ణకి, శోభన్‌బాబుకి, అందరికీ పాడాల్సిన బరువు మెల్లగా ఈయన మీద పడింది. పందిరి కింద ఆకు కట్టే ఆడవాళ్లు పాట వినగానే "ఇది రామారావుది", "ఇది నాగేశ్వర్రావుది" అని చెప్పేసేవాళ్లు, సినిమా పేరు తెలియకపోయినా సరే. పాడింది ఒకడే అని నాకు చాన్నాళ్లు తెలియదు. తెలిశాక నోరెళ్లబెట్టాను. అల్లు రామలింగయ్యకి పాడితే అచ్చం రామలింగయ్యే పాడుతున్నట్టుండేది గదా, అది కూడా ఈయనేనట!

ఆయన నెల్లూరు మనిషి. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. ఇక్కడ మా ఊరి గొడవ ఒకటుంది. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది కొత్తగా ఒంగోలు జిల్లా పెట్టి మమ్మల్ని అందులో కలిపారు, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. మళ్లీ 2022లో కందుకూరును తీసుకెళ్లి నెల్లూరులో కలిపారు. అంటే నేను పుట్టినప్పుడు బాలు మా జిల్లా వాడు, సరిగ్గా ఊపు అందుకున్నప్పుడు పరాయి జిల్లా వాడు అయిపోయాడు, ఆయన పోయాక మళ్లీ మా జిల్లా వాడు అయ్యాడు. మా నాన్న మాత్రం ఏ ప్రభుత్వాన్నీ లెక్కచేయలేదు, చివరిదాకా "మన నెల్లూరోడు" అనే అన్నాడు.

పెళ్లయి నేను నెల్లూరుకే వచ్చాను. తిప్పరాజువారి వీధిలో వాళ్ల ఇల్లుంది. 2020 ఫిబ్రవరిలో దాన్ని వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశాడు. అదే ఏడాది సెప్టెంబరు 25న ఆయన పోయాడు. కరోనా రోజులు, ఎవరూ ఎక్కడికీ కదల్లేని కాలం. ఆ సాయంత్రం మా వీధిలో ఏ ఇంట్లో చూసినా ఆయన పాటే, ఒక్కో ఇంట్లో ఒక్కోటి. ఒకదాని మీద ఒకటి పడి ఏదీ సరిగ్గా వినపడలేదు. తర్వాత ఇక్కడి ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకి ఆయన పేరు పెట్టారు.

నెల్లూరు వాళ్లం కాబట్టి ఆత్రేయని కూడా మా లెక్కలో వేసుకుంటాం. సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడు ఆయనది. రాయక నిర్మాతల్ని, రాసి ప్రేక్షకుల్ని ఏడిపిస్తాడని ఆయన మీద ఒక మాట ఉంది. 1978లో మరో చరిత్ర వచ్చినప్పుడు కాలేజీ కుర్రాళ్లు పిచ్చెక్కినట్టు తిరిగారు. ఎం.ఎస్. విశ్వనాథన్ సంగీతం. అందులో ఒక పాటంతా సినిమా పేర్లతోనే అల్లాడు ఆత్రేయ. రేడియోలో అది వచ్చినప్పుడల్లా అన్నయ్య, నేను వేళ్లు మడుస్తూ ఎన్ని పేర్లు పట్టుకున్నామో పోటీ పెట్టుకునేవాళ్లం. ప్రతిసారీ లెక్క తేడా వచ్చేది, దాని మీద మళ్లీ గొడవ. ఇంత సులువు మాటల్లో ఇంత బాధ ఎలా పెట్టాడో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

అన్నయ్యతో వాదనలో నేను చివరికి దాచుకునే ముక్క ఇంకోటి ఉంది. 1977లో అడవి రాముడు వచ్చింది. ఊరూరా ఆ పాటలే, కుర్రాళ్ల ఈలలే. పెద్దవాళ్లు తెలుగు పాటకి ఇంక రోజులు చెల్లాయన్నారు. మూడేళ్లు తిరక్కుండానే, 1980 ఫిబ్రవరిలో శంకరాభరణం. అదే పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుంటూ హాల్లోంచి బయటికొచ్చారు, మళ్లీ మంచి రోజులొచ్చాయన్నారు. మరి ఈ రెండు సినిమాలకీ సంగీతం ఎవరు? కె.వి. మహదేవన్. పాటలు? వేటూరి. గొంతు? బాలు. మనుషులు వాళ్లే! మహదేవన్‌కి తెలుగులో పాట ముందు రాసి ఇవ్వాలి, మాటల మీదే బాణీ కట్టేవాడు. వేటూరి 1974లో ఓ సీత కథతో మొదలుపెట్టాడు, అంటే ఆయన కూడా నా పదేళ్లతోనే పుట్టాడు. ఒకే చెయ్యి ఈలపాటా రాసింది, శివుడి పాటా రాసింది. బాలుకి మొదటి జాతీయ అవార్డు శంకరాభరణమే తెచ్చింది, వాణీ జయరాంకీ మహదేవన్‌కీ కూడా ఆ సినిమాకే వచ్చాయి. మిగతా కాలాల్లో మంచి పాటలు రాసేవాళ్లు వేరు, మాస్ పాటలు రాసేవాళ్లు వేరు అన్నట్టుంటుంది. ఈ పదేళ్లలో ఆ గోడ లేదు. నాకు ఈ కాలం మీద ఇంత మోజు అందుకే.

అలాగని శంకరాభరణమే కాదు. పంతులమ్మలో రాజన్ నాగేంద్ర పాటలు వినండి. రమేష్ నాయుడు మేఘసందేశం వినండి, 1982. ఆయనకీ, జేసుదాసుకీ, సుశీలకీ ముగ్గురికీ జాతీయ అవార్డులు తెచ్చింది. సత్యం, చక్రవర్తి సంవత్సరానికి ఎన్ని సినిమాలు చేసేవాళ్లో వాళ్లకే తెలియాలి. కొన్ని పాటలు నిజంగానే హడావుడిగా చుట్టి పడేసినట్టుంటాయి, ఆ సంగతి నాకూ తెలుసు. చివర 1983లో సాగర సంగమం. ఇళయరాజాకి, బాలుకి మళ్లీ అవార్డులు. "అది ఇళయరాజా కాలం గదా, నీదెట్టా అవుతుంది?" అని అన్నయ్య అభ్యంతరం. సినిమా జూన్‌లో వచ్చింది, నా పదేళ్లు డిసెంబరు దాకా ఉన్నాయి.

1979 మే తుఫాను కూడా ఆ పాటల్లోనే కలిసిపోయి ఉంది నాకు. రెండేళ్ల ముందు దివిసీమ ఉప్పెన సంగతి విన్న భయం ఇంకా పోలేదు. రేడియోలో పాటలు ఆగిపోయాయి, తుఫాను హెచ్చరిక మళ్లీ మళ్లీ చదువుతున్నారు. నాన్న రేడియోని గోనెసంచిలో చుట్టి, పెంకులు లేచిపోని నడిమింటి అటక కింద పెట్టాడు. అందరం దాని చుట్టూ. గాలి అరుపుకి అందులో మాట సగం వినపడలేదు. తెల్లారి చూస్తే చింతచెట్టు వేళ్లతో సహా పడి ఉంది. ఉలవపాడు వైపు మామిడికాయలు నేల కనపడకుండా రాలిపోయాయని, బండ్లకెత్తి అడిగినవాడికి అడిగినంత ఇచ్చేస్తున్నారని చెప్పుకున్నారు. మా ఇంట్లో ఆ ఏడు పచ్చడి జాడీలు చాల్లేదు. మళ్లీ రేడియోలో మొదటి సినిమా పాట ఎప్పుడొచ్చిందో గుర్తు లేదు గానీ, అది వినగానే అమ్మ "హమ్మయ్య, ఇంక రాదులే" అంది. వాతావరణ కేంద్రం మాట కంటే ఆ పాటనే నమ్మింది.

సరే, ఇప్పటి సంగతి. మాట మీద నిలబడాలని నిజంగానే ఆ పదేళ్ల పాటలే వినడం మొదలుపెట్టాను. మా అబ్బాయి ఫోన్లో లిస్టు తయారుచేసి పెట్టాడు. ఏరి కోరి అన్నీ మంచి పాటలే చెప్పి పెట్టించాను. వంటింట్లో, వాకింగ్‌లో, నెల్లూరు నుంచి ఊరికి కారులో వెళ్తూ, అవే. కొన్నాళ్లకి ఏదో తేడా కొట్టింది. పాట తర్వాత పాట, అన్నీ ఆణిముత్యాలే, మధ్యలో ఒక్క మనిషి మాట లేదు, వ్యాపార ప్రకటన లేదు, గరగర లేదు. కల్యాణమండపంలో రోజూ పెళ్లిభోజనం పెడుతున్నట్టు మొహం మొత్తింది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ రోజుల్లో ఒక్క పనికిమాలిన పాట కూడా వినకుండా రోజు గడిచింది లేదు. జ్యోతిలక్ష్మి, జయమాలిని పాటలు ఎన్నని! అవి రాగానే అమ్మ లోపల్నుంచి వచ్చి గొంతు తగ్గించేది. పందిరి కింద ఆడవాళ్లు పెంచమని గోల చేసేవాళ్లు, వాళ్లకి ఆ పాటలే నోటికి వచ్చు, చేతులు కూడా ఆ దరువుకే త్వరగా ఆడేవి. నాన్న ఆ సంగతి గమనించి అమ్మకి చెప్పాడు, ఇంక అమ్మ తగ్గించలేదు. శనివారం శనివారం మాలకొండకి వెళ్లేవాళ్లం. ఆ నరసింహస్వామి గుడి వారంలో ఆ ఒక్క రోజే తెరుస్తారు. అక్కడ కొట్ల దగ్గర మైకులో కూడా రెండు భక్తి పాటలకి ఒక క్లబ్బు పాట పడేది, ఎవరికీ తప్పనిపించేది కాదు.

మా అబ్బాయికి ఫోన్ చేసి ఆ పాటలు కూడా కలపమన్నాను. "ఏవి అమ్మా?" అన్నాడు. చెప్పాను. అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. కోడలి చేత పంపించాడు. మా ఆయన హాల్లో పేపరు చదువుతూ వింటాడు. "ఈ వయసులో ఇవేం పాటలే? కిటికీలన్నా వేసుకో" అంటాడు. అంటూనే కాలు ఆడిస్తుంటాడు.

ఇంకో చిక్కు మిగిలింది, అది పెద్దది. నా పదేళ్ల రేడియోలో నా పదేళ్ల పాటలు మాత్రమే రాలేదు. మల్లీశ్వరి వచ్చింది, దేవదాసు వచ్చింది, లీల వచ్చింది, జిక్కి వచ్చింది. తాత మొద్దు నెట్టింది వాటి మీదే. కాబట్టి అన్నయ్యతో కొత్త షరతు మాట్లాడాను. పాట ఎప్పుడు తయారైందని కాకుండా ఎప్పుడు వినపడిందని లెక్కేద్దాం, అట్టా అయితే 1974 నుంచి 83 తీసుకున్నవాళ్లకి వెనక ఇరవై ఏళ్లు కూడా కలిసొస్తాయి అన్నాను.

"ఇది పచ్చి దొంగాట" అన్నాడు.

"నువ్వు పుట్టకముందు పాటలు నీవని చెప్పుకోవడం ఏమాట?"

ఫోన్ పెట్టేశాడు. మర్నాడు ఆయనే చేసి ఆదివారం ఒక్క రోజు పాతవి వినొచ్చని సడలింపు ఇచ్చాడు, అదీ శబ్దచిత్రం వచ్చే వేళకే. బదులుగా ఆయన శనివారాలు నా పదేళ్ల పాటలు వినాలని నేను షరతు పెట్టాను. వదిన చెప్పిందేమంటే శనివారం కాని రోజుల్లో కూడా వింటున్నాడట. నేను తెలియనట్టే ఉన్నాను.

ఒక పాట మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదు. పల్లవి గుర్తులేదు. సుశీల పాడింది. మొదట్లో వీణ, రెండో చరణానికి ముందు పిల్లనగ్రోవి, దాని వెనకే సన్నగా రైలు చప్పుడు. బ్యారన్ దగ్గర రాత్రిపూట విన్నాను. సింగరాయకొండ వైపు నుంచి వచ్చే రైలు కూతేమో అనుకుని మొదటిసారి తలెత్తి చూశాను కాబట్టి ఆ చప్పుడు పాటలోదేనని గట్టిగా చెప్పగలను. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అన్నయ్యని అడిగితే సినిమా పేరు చెప్పడం చేతకాలేదు గానీ, అది 72 నాటి పాట, దొరికినా నీ లెక్కలోకి రాదు అంటున్నాడు. అదే నిజమైతే నేను 1972 నుంచి మొదలుపెడతాను.